మీగాలి మీద ఏడేళ్లుగా గరుకు మచ్చ. పులిపిరి కాదు, టీబీ కాదు, మరేంటిది?

ప్రశ్న:
మా నాన్నకి 58 ఏళ్లు. ఏడేళ్ల కిందట చేలో పనిచేస్తుంటే కుడి మీగాల్లో ముల్లు దిగింది. తీసేశాం, మానింది. కొన్నాళ్లకు అక్కడే చిన్న పొక్కు లేచి, ఇప్పుడు అరచేయంత అయింది. పైన కాలీఫ్లవర్‌లా గరుకుగా ఉంటుంది, రాత్రిళ్లు దురద. పులిపిరి అని రెండుసార్లు కాల్చారు. తర్వాత చర్మ టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. ఏమాత్రం తగ్గలేదు. దగ్గరగా చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఇప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపాలంటున్నారు. కాలు తీసేస్తారేమోనని నాన్న ఒప్పుకోవట్లేదు. పైగా అంటుకుంటుందని పిల్లల్ని దగ్గరికి రానివ్వడం మానేశారు. అది చూస్తే నాకు ఇంకా బాధగా ఉంది.

జవాబు 1:
ఆ నల్ల చుక్కలనగానే గుండె ఆగినట్టయిందండీ. నాకూ అచ్చం ఇలాగే, ఎడమ పిక్క మీద, తొమ్మిదేళ్లు. నాది క్రోమోబ్లాస్టోమైకోసిస్ అని తేలింది. మట్టిలో, కుళ్లిన కట్టెల్లో ఉండే నల్ల ఫంగస్ ముల్లుతోపాటు చర్మంలోకి పోతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. నాన్నగారిదీ అదే అయితే పిల్లల్ని దూరం పెట్టాల్సిన పని లేదు.

ఒక డాక్టరు సరిగ్గా ఆ చుక్కల మీదే గీకి, ఆ పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మైక్రోస్కోప్ కింద చూశారు. గోధుమరంగు గుండ్రటి కణాలు, మధ్యలో అడ్డుగోడలు. డాక్టర్లు రాగి నాణేలంటారట వాటిని. అదే రోజు తేలిపోయింది. అంత చిన్న పరీక్ష తొమ్మిదేళ్లు ఎవరూ చెయ్యలేదని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ముక్క పరీక్ష మాత్రం మానొద్దు. ఒకటి గట్టిగా అడగండి: ముక్కను రెండు చేసి ఒకటి ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం), ఇంకోటి సెలైన్‌లో (ఉప్పునీరు) పంపమనండి. ఫార్మలిన్‌లో ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగదు. నా మొదటి ముక్క అలాగే వృథా అయింది.

నాకు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు 200 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చారు, మధ్యలో ద్రవ నైట్రోజన్‌తో మచ్చను గడ్డకట్టించారు. ఐదో నెలలో చదునైంది. తగ్గిపోయిందనుకుని నేనే మందు ఆపేశాను. మూడు నెలల్లో అంచున మళ్లీ లేచింది. మళ్లీ మొదలుపెట్టి 14 నెలలు వాడాను.

జవాబు 2 (చర్మవైద్యురాలు):
చూడకుండా ఇదేనని చెప్పలేను. చర్మ టీబీ, లీష్మానియాసిస్ (ఒక రకం ఈగ కుట్టడం వల్ల వచ్చే పరాన్నజీవి జబ్బు) కూడా ఇలాగే కనిపిస్తాయి. అయినా గీకి చూడమని తప్పకుండా అడగండి. క్రోమోబ్లాస్టోమైకోసిస్‌ను 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చినా, ఇది మా డాక్టర్లకే సులువుగా తట్టదు.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. యాసిడ్ తగ్గించే గ్యాస్ మాత్రలు వాడితే అది ఒంటికి సరిగా పట్టదు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు ఇవ్వం. కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్ వాడుతుంటే ముందే చెప్పండి. లివర్ పరీక్షలు మధ్యమధ్యలో చేయించాలి. ఏళ్లతరబడి ఉన్న మచ్చలో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది, ముక్క తీయమనేది అందుకు కూడా. కాలు తీయడం దాకా వెళ్లేది బాగా అరుదు.

ప్రశ్న అడిగినవారు:
నాన్నకు అంతా చదివి వినిపించాను. ఆయన మొదట అడిగింది అంటదన్నది నిజమేనా అని. పరీక్షకు ఒప్పుకున్నారు, గురువారం వెళ్తున్నాం. సెలైన్ సంగతి కాగితం మీద రాసుకున్నాను. ఆయన రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటారు, ఆ అట్ట కూడా పట్టుకెళ్తాను.