విదేశంలో ఫ్లాట్ కొనే ముందు టైటిల్ ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. విదేశంలో ఒక ఫ్లాట్ చూశాం. అమ్మేవాళ్లు టైటిల్ డీడ్ (ఆస్తి ఎవరిదో చెప్పే పత్రం) స్కాన్ కాపీ పంపారు, ముద్రలూ సంతకాలూ అన్నీ ఉన్నాయి. లాయర్‌ని కూడా ఏజెంటే చూసిపెడతానంటున్నాడు. ఈ వారమే అడ్వాన్స్ కట్టమని ఒకటే తొందర. ఈ కాగితం సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. స్కాన్ కాపీని భూతద్దం పెట్టి చూసినా లాభం లేదు. ఆస్తుల నమోదు ఉండే రిజిస్ట్రీలో ఇవాళ ఎవరి పేరుంది, ఆస్తి మీద అప్పులేమైనా ఉన్నాయా అన్నదే ముఖ్యం. రిజిస్ట్రీ నుంచి ఆ వివరాల కాపీ మీరే తెప్పించుకోండి. ఇంగ్లాండ్, వేల్స్‌లో అయితే హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో కొద్ది పౌండ్లకే ఎవరైనా టైటిల్ రిజిస్టర్ తీసుకోవచ్చు. అందులో ‘ఎ’ భాగంలో ఆస్తి వివరాలు, ‘బి’లో యజమాని పేరు, ‘సి’లో తాకట్టు వంటివి ఉంటాయి. చాలామంది ‘బి’ చూసి సంతోషపడి ఆగిపోతారు, అసలు తిరకాసు ‘సి’లో ఉంటుంది. స్పెయిన్‌లో ‘నోటా సింప్లే’ (అక్కడి రిజిస్ట్రీ ఇచ్చే వివరాల పత్రం) తీస్తే యజమాని పేరుతో పాటు తాకట్టు, కోర్టు జప్తు కూడా కనిపిస్తాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి, మిగతా డబ్బు కట్టే ముందు మళ్లీ తీయండి. మధ్యలో కొత్త అప్పు చేరొచ్చు. ఏజెంట్ చూపించిన లాయర్ మాత్రం వద్దు. ఫీజు మీరే ఇచ్చి, మీకు మాత్రమే జవాబుదారీగా ఉండేవాళ్లను పెట్టుకోండి.

మరొకరి జవాబు: అమెరికా పద్ధతి వేరు. అక్కడ డీడ్లు సాధారణంగా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో నమోదవుతాయి, పాత లావాదేవీలన్నీ టైటిల్ కంపెనీ వెతికి చూస్తుంది. లోన్ తీసుకుంటే బ్యాంకు అడిగే టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా) బ్యాంకునే కాపాడుతుంది. మీకోసం ఓనర్స్ పాలసీ, అంటే యజమానికి వర్తించే అలాంటి బీమా, విడిగా తీసుకోవాలి. ఇంకో మాట, థాయ్‌లాండ్ లాంటి చోట్ల విదేశీయులకు మామూలుగా భూమి రాయరు. కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) కొనొచ్చు గానీ, ఒక బిల్డింగ్‌లో మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయుల పేర్ల మీద ఉండాలి. “స్థానికుడి పేరు మీద రాయిద్దాం, ఏమీ కాదు” అని ఎవరైనా అంటే అక్కడితో బేరం ఆపేయండి.

మళ్లీ ప్రశ్న: థాంక్స్ అండీ. చెప్పడం మర్చిపోయాను, మాది దుబాయ్‌లో. బిల్డింగ్ ఇంకా కడుతున్నారు.

జవాబు: మరి టైటిల్ డీడ్ ఎక్కడిదండీ? కట్టడం పూర్తికాని ఫ్లాట్‌కి అక్కడ ముందు ‘ఊకూద్’ అనే నమోదు జరుగుతుంది, డీడ్ తర్వాతే వస్తుంది. మీకు పంపినది బిల్డర్ స్థలం తాలూకు డీడ్ అయ్యుండొచ్చు. అందులో యూనిట్ నంబర్ ఉందేమో చూడండి.

ప్రశ్న: ఇప్పుడే చూశాను, ప్లాట్ నంబరే ఉంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: డబ్బు ఇంకా కట్టలేదు కదా, నయం. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబర్, ఎస్క్రో ఖాతా (కొనేవాళ్ల డబ్బును ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఉంచే బ్యాంకు ఖాతా) వివరాలు రాతపూర్వకంగా అడగండి. అవి సరైనవో కాదో దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ దగ్గర సరిచూసుకోండి. దుబాయ్ 2007 నాటి 8వ చట్టం ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుల్లో కొనేవాళ్ల డబ్బు ఎస్క్రో ఖాతాలోకే వెళ్లాలి. బ్రోకర్ సొంత ఖాతాలో ‘టోకెన్’ అని అడిగితే పైసా కూడా వేయకండి.