వ్యాయామం ఒక్కరోజు తప్పితే మొత్తం వదిలేస్తున్నాను, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. వ్యాయామం మొదలుపెట్టడం నాకు కష్టం కాదండీ, నిలబెట్టుకోవడమే చేతకావట్లేదు. రెండేళ్లలో ఇది ఐదోసారి. ప్రతిసారీ ఒకటే వరస. మొదటి వారం రోజూ గంటసేపు, రెండో వారానికి మోకాళ్ల నొప్పులు, ఈలోపు జ్వరమో పని ఒత్తిడో వచ్చి ఓ రోజు తప్పిపోతుంది. మర్నాడు పొద్దున్నే గుమ్మం పక్కన బూట్లు కనిపిస్తాయి. వాటిని చూడగానే "నీ వల్ల కాదని ముందే తెలుసుగా" అంటుంది లోపల ఒక గొంతు. ఆ మాట పడలేక బూట్లు మంచం కిందకి తోసేస్తాను. ఇక నెలలు గడిచిపోతాయి.

2010లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చదివాను. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందట, మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలంటున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఒక్కో విడత 10 నిమిషాలకు తగ్గకూడదన్న షరతు 2020లో తీసేసింది. ఇవన్నీ బుర్రకెక్కాయి. ఆ గొంతుకే ఎక్కట్లేదు.

ఈసారి భోజనం తర్వాత పది నిమిషాల నడకతో సరిపెడుతున్నాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తప్పిపోయే రోజు ఎలాగూ వస్తుంది, నా భయమంతా దాని మర్నాటి గురించే. ఆ పూట మీతో మీరు ఏం చెప్పుకుంటారు? ఒంటికి నిజంగా విశ్రాంతి కావాలో, బద్ధకమో ఎలా తేల్చుకుంటారు? ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టి కొనసాగిస్తున్నవాళ్లు దయచేసి చెప్పండి.