పాత 23 ఛానెళ్ల సీబీ రేడియో: రిపేర్ చేయించాలా, కొత్తది కొనాలా?

డల్లాస్_రాజు
అందరికీ నమస్తే. ఇక్కడ టెక్సాస్‌లో గరాజ్ సేల్‌లో ఓ పాత సీబీ రేడియో (సిటిజెన్స్ బ్యాండ్, బండ్లలో పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునేది) దొరికింది, మైకుతో సహా, కానీ 23 ఛానెళ్లే ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ లేని రోడ్లలో రెండు కార్లవాళ్లం మాట్లాడుకోవచ్చని తీసుకున్నా. ఇంట్లో అడాప్టర్‌కి పెడితే లైటు వెలుగుతోంది గానీ స్పీకర్లో బుయ్యిమని ఒకటే మోత, వాల్యూమ్ తిప్పితే గరగర. దీనికి లైసెన్స్ కావాలా? సీబీలో మామూలు ఏఎంతో పాటు ఎఫ్ఎం (మాటని సిగ్నల్‌గా పంపే ఇంకో పద్ధతి) కూడా ఓకే చేశారంట కదా, ఇందులో వస్తుందా? పనికిరాకపోతే విజయవాడలో మా బావకి పట్టుకెళ్లి ఇచ్చేద్దామనుకుంటున్నా.

లోడు_బండి
లైసెన్స్ గొడవ 1983లోనే పోయింది తమ్ముడూ. 40 ఛానెళ్లు 1977లో వచ్చాయి, ఆ మరుసటేడు నుంచి 23వి కొత్తగా అమ్మనివ్వలేదు, అంటే నీ సెట్టు వయసు నువ్వే లెక్కేసుకో. మా ట్రక్కులవాళ్లు ఉండే 19, ఎమర్జెన్సీకి పెట్టిన 9 రెండూ ఆ 23లోనే ఉన్నాయి కాబట్టి ఛానెళ్లు తక్కువని బాధపడక్కర్లా. కాకపోతే 19లో ఇప్పుడు మునుపటంత మాటల్లేవు, అందరూ ఫోన్లో ట్రాఫిక్ యాప్ చూసుకుంటున్నారు, యాక్సిడెంటై రోడ్డు జామైతే మాత్రం మళ్లీ అందరూ అందులోకే వస్తారు. అన్నట్టు రెండు కార్లకి రెండు సెట్లు కావాలి, ఇంకోటి ఉందా?

సోల్డరింగ్_శీను
రాజు గారూ, ముందు ఆ అడాప్టర్ తీసేసి కారు బ్యాటరీకి పెట్టి చూడండి, ఎరుపు నలుపు తిరగేయకుండా. మోత ఆగిపోతే తప్పు అడాప్టర్‌దే. ఆగకపోతే లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి పార్టులు) ఎండిపోయి ఉంటాయి, ఇన్నేళ్లకి అది మామూలే, పెద్ద ఖరీదు కూడా కాదు, పైన ఉబ్బిందా, కింద జిగురులా కారిందా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. గరగరకి కారణం వాల్యూమ్ పాట్‌లో (నాబ్ వెనకుండే పార్టు) దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పండి. యాంటెన్నా లేకుండా మాత్రం మైకు బటన్ నొక్కొద్దు, సిగ్నల్‌ని బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. యాంటెన్నా పెట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌తో (యాంటెన్నా సరిగ్గా కుదిరిందో లేదో చూపేది) చూసుకోండి, 2 దాటకూడదు. ఎఫ్ఎం 2021లో ఒప్పుకున్నారు, మీ ఏఎం సెట్‌లో రాదు, దానికి కొత్తదే కొనాలి. కానీ రోడ్డు మీద ఇప్పటికీ అందరూ ఏఎంలోనే ఉన్నారు, ఎఫ్ఎం కోసం డబ్బు పెట్టడం నా లెక్కలో దండగ.

లోడు_బండి
శీను గారూ, మీరు చెప్పింది బానే ఉంది గానీ షాపులో ఇస్తే కూలీ కొత్త సెట్టు రేటు దాటిపోతుంది. సోల్డరింగ్ చేతనైతేనే దాని జోలికెళ్లాలి.

బెజవాడ_హామ్
బావగారికి తెచ్చే ఆలోచన మానుకోండి. ఇక్కడ ఇండియాలో 2005 రూల్ ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ అక్కర్లేదు, తమాషా ఏంటంటే మీ 23 ఛానెళ్లూ అందులోనే పడతాయి, 40 ఛానెళ్ల సెట్టు అయితే 27.405 దాకా పోయి గీత దాటుతుంది. కానీ పవర్ 5 వాట్ల లోపుండాలి, యాంటెన్నా సెట్‌లోనే బిగించి ఉండాలి, కారు మీద విడిగా పెట్టే రకం కుదరదు. పైగా సెట్‌కి అప్రూవల్ కావాలి. 2025లో ఆన్‌లైన్‌లో వాకీటాకీల అమ్మకాల మీద కూడా గైడ్‌లైన్స్ తెచ్చారు, ఈ టైంలో సూట్‌కేసులో పెట్టుకొచ్చి కస్టమ్స్ వాళ్లకి జవాబు చెప్పుకోవడం ఎందుకు? పొలం కాడ మాట్లాడుకోడానికైతే అప్రూవల్ ఉన్న 446 మెగాహెర్ట్జ్ వాకీటాకీ సెట్లు ఇక్కడే కొనుక్కోమనండి.

డల్లాస్_రాజు
థాంక్స్ అందరికీ. కారు బ్యాటరీకి పెట్టా, మోత పోయింది, గరగర అలానే ఉంది. క్లీనర్ ఆర్డర్ పెట్టా. లోడు_బండి అన్నా, రెండో సెట్టు కొత్త ఏఎందే చూస్తున్నా, యాంటెన్నా మాగ్నెట్‌ది సరిపోతుందా, డ్రిల్ చేయాల్సిందేనా?

లోడు_బండి
కారుకి మాగ్నెట్ చాలు. పొట్టిది మాత్రం కొనకు.