లవ్ స్టోరీ ట్రైలర్‌లో కథ ఎంతవరకు చెప్పాలి? రెండు కట్‌లలో ఏది పెట్టాలో తేలడం లేదు

నర్సరీ_రోడ్:

అందరికీ నమస్తే. మేం కొంతమంది ఫ్రెండ్స్ కలిసి ఒక చిన్న సినిమా తీశాం, గంటా యాభై నిమిషాల ప్రేమకథ, నటులందరూ కొత్తవాళ్లే. కడియం నర్సరీలో పనిచేసే అబ్బాయి, రాజమండ్రిలో నర్సింగ్ చదువుకుని కువైట్ ఉద్యోగానికి వెళ్లిపోయే కోనసీమ అమ్మాయి, వాళ్లిద్దరి కథ. డీఐ (రంగులు సరిచేసే పని) అయిపోయింది, రీరికార్డింగ్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) చివరికొచ్చింది, ట్రైలర్ దగ్గరకొచ్చేసరికి అందరం తలో మాట అంటున్నాం.

ఇప్పటికి రెండు కట్‌లు, అంటే రెండు రకాలుగా ఎడిట్ చేసిన ట్రైలర్లు ఉన్నాయి. మొదటి కట్ 2 నిమిషాల 40 సెకన్లు. అంతా వరసగా ఉంటుంది: పరిచయం, పాట, అమ్మాయి ఇంట్లో గొడవ, ఎయిర్‌పోర్టు, ఏడుపులు. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు గానీ ఒక్కరు కూడా తర్వాత ఏమవుతుందని అడగడం లేదు, అదే నాకు గుచ్చుకుంటోంది. రెండో కట్ 1 నిమిషం 40. అబ్బాయి ట్యూబుతో మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు, కుండీ మీద పెట్టిన ఫోన్‌లో అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ నడుస్తుంటుంది, నీళ్ల చప్పుడులో మాటలు సగమే వినపడతాయి, అయినా అతను ట్యూబు కట్టేయడు. అక్కడ మొదలై వెనక్కి వెళ్తుంది. నాకు ఇదే నచ్చింది. డబ్బు పెట్టింది మా బావ. ఆయనేమో ఇందులో కథేం అర్థమవుతుంది, టికెట్ ఎందుకు కొంటారు అంటున్నాడు. ఆయన భయంలో అర్థం ఉంది, ఉన్న పొలం మీద అప్పు తెచ్చి పెట్టాడు.

ప్రేమకథల ట్రైలర్ చూసినప్పుడు మిమ్మల్ని పట్టేసేది ఏంటి? ఊరికే బాగుందనిపించడానికీ, దీనికి వెళ్లాల్సిందే అనిపించడానికీ మధ్య తేడా ఎక్కడొస్తుంది?

ఎడిట్‌రూమ్_వాసి:

నేను ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్నాను, రోజూ చేసే పని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

యాక్షన్ సినిమా ట్రైలర్‌కి హీరో ఎంట్రీ, ఒక పెద్ద సెట్, రెండు పంచ్ డైలాగులు ఉంటే సగం పని అయిపోతుంది. ప్రేమకథకి ఆ వెసులుబాటు లేదు. ఇద్దరూ ప్రేమించుకుంటారని పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది, మధ్యలో ఏదో అడ్డం పడుతుందనీ తెలుసు. అందుకని వీళ్లు కలుస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద ట్రైలర్ నిలబడదు. ఇంకో ప్రశ్న కావాలి. 2022లో వచ్చిన సీతారామం తీసుకోండి. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఒక సైనికుడు రాసిన ఉత్తరం, అది ఇప్పుడు సీతామహాలక్ష్మి అనే ఆవిడకు చేర్చాలి, ఆ పని వాళ్లెవరో తెలియని ఒక అమ్మాయి మీద పడింది. ఇంతే. ఈ ఉత్తరం ఇన్నేళ్లు ఎందుకు చేరలేదు, ఈ సీత ఎవరు, అతను ఏమయ్యాడు అని మనమే అడగడం మొదలుపెడతాం. ప్రేమ సంగతి ఎలాగూ చూస్తాం, వెతుకులాట మాత్రం మనల్ని హాల్ దాకా తీసుకెళ్తుంది. సీత అసలు ఎవరన్నది సినిమాకే దాచుకున్నారు.

నీ రెండో కట్‌లో ఆ ప్రశ్న ఉంది తమ్ముడూ. అంత ప్రేమించిన అమ్మాయి గొంతు వస్తుంటే వీడు ట్యూబు ఎందుకు కట్టేయలేదు? కోపమా, భయమా, ఆ మెసేజ్ ఇప్పటికే పది సార్లు విన్నాడా? నేను ఆ షాట్ చూడలేదు, నువ్వు రాసింది చదివి ఇవన్నీ అడుగుతున్నాను.

పనికొచ్చే మాటలు ఇంకో రెండు. డైలాగ్ చెప్పేవాళ్ల ముఖం మీద కాకుండా వినేవాళ్ల ముఖం మీద వేసి చూడు. "వచ్చే నెల వెళ్తున్నా" అని ఆమె అంటుంటే ఫ్రేమ్‌లో అతను ఉండాలి, మాట అయిపోయాక కూడా ఒక సెకను అక్కడే ఉంచు. రెండోది, మ్యూజిక్ మొదటి నుంచి చివరి దాకా పరిచేయొద్దు. ముఖ్యమైన మాట ముందు ఒక్కసారి మొత్తం ఆపేయి. చాలామంది ట్రైలర్ చూసేది ఫోన్‌లో, పక్కన ఇంకేదో చేసుకుంటూ. సౌండ్ ఠక్కున ఆగితే తల అటు తిరుగుతుంది.

పాతటాకీస్:

నేను మీ అందరికంటే వయసులో పెద్దవాణ్ణి అనుకుంటా, అందుకే కాస్త వెనక్కి వెళ్తాను. మా రోజుల్లో ఊళ్లోకి సినిమా వస్తే రిక్షాకి మైకు కట్టి "నేడే చూడండి" అని తిప్పేవాళ్లు, కరపత్రాలు చల్లేవాళ్లు. హాల్ బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు, పల్చటి కాగితం, పైన హీరో హీరోయిన్ల బొమ్మ. పాటలతో పాటు అందులో కథాసంగ్రహం ఉండేది. అది చాలా చెప్పేసేది! పాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి ఆస్తి ఎవరు కాజేశారు, అన్నీ. చెప్పీ చెప్పీ చివరికి హీరో ఊరొదిలిపోయాడు, అమ్మాయికి వేరే సంబంధం ఖాయమైంది, ఆ పెళ్లి జరిగిందా, అతను తిరిగొచ్చాడా అని నాలుగు ప్రశ్నలు వేసి, మిగతా కథ వెండితెరపై చూడండి అని ఆపేసేది. పుస్తకం కొన్నవాడు అది చదివి ఊరుకోలేడు.

కాబట్టి మీ బావగారి మాట కొట్టిపారేయకండి. కథ అర్థం కావాలి అన్నది న్యాయమైన మాటే, డబ్బులు పెట్టే ప్రేక్షకుడు కూడా అదే కోరతాడు. కానీ మీ మొదటి కట్ ఎయిర్‌పోర్టు దాటి ఏడుపుల దాకా వెళ్లిపోతోంది. విమానం ఎక్కిందని, ఇద్దరూ ఏడ్చారని చూపించేశాక అడగడానికి ఏం మిగిలింది? అమ్మాయి చేతికి వీసా కాగితం వచ్చిన దగ్గర ఆపండి. వెళ్తుందో లేదో చెప్పకండి. అప్పుడు కథ తెలిసినట్టూ ఉంటుంది, తెలియనట్టూ ఉంటుంది.

శ్రావణి_కె:

ప్రేక్షకురాలిగా నా మాట కూడా వినండి, ఎందుకంటే ఇక్కడంతా తీసేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నాకు ట్రైలర్‌లో కావాల్సింది నిజాయితీ. ఒకసారి ట్రైలర్ నిండా కాలేజీ, జోకులు, పాటలు చూసి మా అమ్మని తీసుకెళ్లాను. ఇంటర్వెల్ తర్వాత సినిమా మొత్తం ఆసుపత్రిలోనే. నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అమ్మ మధ్యలో లేచి బయటికొచ్చేసింది. విషాదం ఉన్న సినిమాలంటే నాకు అభ్యంతరం లేదు, ఏడవడానికే వెళ్లే సినిమాలు నాకూ ఉన్నాయి, కానీ అది తెలిసి వెళ్లడం వేరు.

దీని మీద కోర్టుల్లో ఏమీ తేలదని కూడా చెప్తున్నా. ట్రైలర్‌లో చూపించిన పాట సినిమాలో లేదని ఒక హిందీ సినిమా మీద ఒకావిడ వినియోగదారుల ఫోరానికి వెళ్తే, అక్కడ కొట్టేసినా, పైన రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ ఆమెకే అనుకూలంగా చెప్పి 10,000 రూపాయల పరిహారం కూడా ఇమ్మన్నారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ప్రచార ట్రైలర్ అనేది ప్రేక్షకుడితో కుదుర్చుకున్న ఒప్పందం కాదు అని. అంటే ఇక తీసేవాళ్ల మనస్సాక్షే దిక్కు.

ఇంకోటి. ముగింపు తెలిస్తే సినిమా పాడవుతుందని అందరూ అనుకుంటారు గానీ నాకలా అనిపించదు. టైటానిక్‌కి 1997లో నాలుగు నిమిషాలు దాటిన ట్రైలర్ వేశారు, ఓడ మునుగుతుందని ప్రపంచమంతటికీ ముందే తెలుసు, అయినా జనం ఎగబడ్డారు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో వాళ్లు చిన్న కథలతో చేసిన పరిశోధనలో ముగింపు ముందే చెప్పినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయని వచ్చింది. తర్వాత వేరేవాళ్లు చేస్తే వ్యతిరేకంగానూ వచ్చిందిలెండి, కాబట్టి అదే చివరి మాట అనను. నేనడిగేది ముగింపు చెప్పమని కాదు. మీ సినిమా బరువైనదైతే ఆ బరువు ట్రైలర్‌లో తెలియనివ్వండి.

ఎడిట్‌రూమ్_వాసి:

శ్రావణి గారు, మీ మాట ఒప్పుకుంటాను, మా దగ్గర కూడా కామెడీ బిట్లు ఎక్కువ పెట్టమని ఒత్తిడి వస్తూనే ఉంటుంది. దానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. ఏ మాయ చేసావె 2010లో తెలుగులో, తమిళంలో ఒకే రోజు వచ్చింది. డైరెక్టర్ ఒకరే, ట్యూన్లు అవే, తెలుగులో వాళ్లు కలుస్తారు, తమిళంలో కలవరు. ముగింపు ఏదైనా ఆ కథలో ఉన్న ఆరాటం ఒకటే. ట్రైలర్‌లో ఆ ఆరాటం కనిపిస్తే ప్రేక్షకుణ్ణి మోసం చేసినట్టు కాదు, ముగింపు చెప్పేసినట్టూ కాదు.

కాకినాడ_కాఫీ:

పాట గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి?! కొత్తవాళ్లతో తీసిన ప్రేమకథకి ట్రైలర్ కంటే ముందు దిగాల్సింది లిరికల్ వీడియో, అదే పాట మాటలు తెరమీద కనిపించే వీడియో. ఉప్పెన ఆ ఇద్దరికీ హీరో హీరోయిన్లుగా మొదటి సినిమా. "నీ కన్ను నీలి సముద్రం" 2020 మార్చిలో వచ్చింది, కరోనా వల్ల సినిమా 2021 ఫిబ్రవరి దాకా రాలేదు. ఆ మధ్యలో జనం ఆ పాటని ఫోన్లలో, పెళ్లిళ్లలో, బస్సుల్లో విని విని సొంతం చేసేసుకున్నారు. సినిమా వచ్చేసరికి ఆ ఇద్దరూ ఎవరికీ కొత్తవాళ్లు కాదు. ఏడాది ఆగమని చెప్పట్లేదు, పాట వదిలాక కనీసం మూడు నాలుగు వారాలు తిరగనివ్వండి, అప్పుడు ట్రైలర్‌లో ఆ ట్యూన్ రెండు సెకన్లు వినపడినా చాలు. మీకు అలాంటి పాట ఒక్కటైనా ఉందా?

నర్సరీ_రోడ్:

అందరికీ చాలా థాంక్స్, ఒక్కో మాటా మా బావకి చదివి వినిపించాను. పాటల పుస్తకం సంగతి వినగానే ఆయన మెత్తబడ్డారు, చిన్నప్పుడు అవి దాచుకునేవారట.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం. మొదట నీళ్ల షాటే, మ్యూజిక్ లేకుండా, నీళ్ల చప్పుడు ఒక్కటే. తర్వాత కథ వరసగానే వెళ్తుంది, వీసా కాగితం దగ్గర ఆగిపోతుంది. ఎయిర్‌పోర్టు మొత్తం తీసేస్తున్నాం, అది మేం ఎక్కువ ఖర్చు పెట్టిన సీను, తీస్తుంటే మనసొప్పలేదు గానీ తప్పదు. శ్రావణి గారు, మా సినిమా సెకండాఫ్ బరువుగానే ఉంటుంది. అమ్మాయి తల్లి మాట్లాడే ఒక షాట్ ఉంది, దాన్ని ట్రైలర్‌లో ఉంచుతాం, చూసినవాళ్లకి తెలిసిపోతుంది. పాట ఉందండీ, మేళం పెట్టి చేసిన పెళ్లి పాట ఒకటి. ట్రైలర్ కంటే నెల ముందు వదులుదామని మా బావే అన్నారు.

ఒక్క డౌట్ మిగిలింది. ఆ వాయిస్ మెసేజ్‌లో ఆమె మాటలు సగమే వినపడుతున్నాయి కదా, కింద సబ్‌టైటిల్ వేయాలా, వదిలేయాలా?

ఎడిట్‌రూమ్_వాసి:

వేయొద్దు. ఆ మాటలు ఏంటో వినాలని నాకే ఉంది, నన్ను టికెట్ కొననివ్వు.