పర్లాకిమిడి నడి ఊళ్లో ఎవరెవరు ఉంటారు? తెలుగువాళ్లు ఎంతమంది?

కొత్త కాపురం: మా ఆయనకు ఒడిశాలోని పర్లాకిమిడి బదిలీ అయింది. రాజమహల్ దగ్గర, పాత బజారు వైపు ఇల్లు చూస్తున్నాం. అక్కడ జనాభా ఎంత, తెలుగువాళ్లు ఎంతమంది, అద్దెలు, పిల్లల బడి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. మాది విజయనగరం. ఒడియా ఒక్క ముక్క రాదు.

మహేంద్రతనయ గట్టు: భయపడకమ్మా. కూరల బుట్ట దగ్గర నుంచి బంగారం కొట్టు దాకా తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు. మేం తరాలుగా అక్కడే ఉన్నాం. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, పక్కింట్లో పోపు వేస్తే మనింట్లో తుమ్ములొస్తాయి. జనాభా 46 వేల పైచిలుకు.

చిన్నబండి: 46 వేలు మొత్తం మునిసిపాలిటీది గురూ, అదీ 2011 లెక్క. నడి ఊరిది కాదు.

పాతపట్నం అల్లుడు: జనాభా సంగతి సరే. బజార్లో సగం జనం ఆంధ్ర వైపున్న మా పాతపట్నం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లు. రాత్రి 9 దాటాక చూడండి, అసలు ఉండేవాళ్లెవరో తెలుస్తుంది.

రిటైర్డ్ మాస్టారు: జనగణన డ్యూటీ చేసినవాణ్ణి, నా మాట వినండి. వార్డువారీగా జనసంఖ్య దొరుకుతుంది, భాష లెక్క వార్డువారీగా ఇవ్వరు. కాబట్టి ‘నడి ఊళ్లో తెలుగువాళ్లు ఇంత శాతం’ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మాతృభాష ఇంటికి ఒకటి కాదు, మనిషి మనిషికీ విడిగా రాస్తాం. ఒకే గుమ్మంలో మామ్మ ‘తెలుగు’ అంది, ఇంటర్ చదివే మనవడు ‘ఒడియా రాయండి సార్’ అన్నాడు. రెండూ రాశాను. వచ్చే అదనపు భాషలు ఇంకో రెండు రాసుకోవచ్చు, అది కూడా ఎవరూ అడిగి రాయించుకోరు.

మహేంద్రతనయ గట్టు: మనవడు అలా అన్నప్పుడు మీరు ఊరుకున్నారా? అందుకే మన సంఖ్య తగ్గిపోతోంది!

రిటైర్డ్ మాస్టారు: చెప్పింది రాయడమే నా పని. మీ సంఖ్య పెంచడం కాదు.

గజపతి బిడ్డ: ఆ పిల్లాడి తప్పేముంది? ఒడియాలో చదివాడు, ఉద్యోగ పరీక్ష ఒడియాలో రాయాలి. మా అమ్మ తెలుగు, నాన్న ఒడియా. నన్ను ఏ లెక్కలో వేస్తారు?

మహేంద్రతనయ గట్టు: 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ బాధ మీకు అర్థం కాదు.

గజపతి బిడ్డ: మాటకు ముందు గిడుగు గారిని తెస్తారు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బళ్లు పెట్టించిన మనిషి. పక్కవాడి భాషను తక్కువ చేయడానికి ఆయన పేరు వాడకండి.

కొమ్ము పని: మీ కొట్లాటలో మా సంగతి ఎవరూ ఎత్తరు. ఈ ఊరి పేరు బయట తెలిసేది కొమ్ము బొమ్మలతో. కొమ్మును సెగ మీద మెత్తబరిచి, వేడి తగ్గేలోగా కొంగ మెడ వంపు తిప్పాలి. ఆలస్యమైతే పుటుక్కున విరుగుతుంది. మా నాన్న చేసిన రొయ్యకు మీసాలు కూడా కొమ్మువే. ఇప్పుడు మా ఇంట్లో నేనొక్కణ్ణే పట్టుకున్నాను. నడి ఊరి స్వభావం అడిగితే ముందు చెప్పాల్సింది ఇదండీ.

చిన్నబండి: నౌపడా నుంచి 1900లో చిన్న రైలు (నేరో గేజ్) వచ్చిన ఊరు ఇది! 2004లో ఆపి, పెద్ద లైను వేసి 2011లో మళ్లీ తెరిచారు. బజారు నిలబడిందంటే రైలు వల్లే.

పాతపట్నం అల్లుడు: రైలు కాదు, ఆటోల వల్ల. రైలు రోజుకు ఎన్నిసార్లు వస్తుందో చూశావా?

కొత్త కాపురం: అద్దె, బడి గురించి ఎవరూ చెప్పలేదండీ.

గజపతి బిడ్డ: అక్కా, సందుల్లో కారు పట్టదు, బండి అయితే అరుగు పక్కన పెట్టుకోవచ్చు. కారుంటే కాలేజీ వైపు చూడండి. పిల్లలు చిన్నవాళ్లయితే ఒడియా వీధిలోనే వచ్చేస్తుంది.

రిటైర్డ్ మాస్టారు: అమ్మా, తర్వాతి జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. అప్పటికి మీరిక్కడే ఉంటే ఇంట్లో అందరి భాష మీరే దగ్గరుండి చెప్పండి.

మహేంద్రతనయ గట్టు: మా మేడ మీద రెండు గదులు ఖాళీ అవుతున్నాయి. పెరట్లో నుయ్యి ఉంది. మెసేజ్ పెట్టమ్మా, అద్దె మాట్లాడుకుందాం.