లక్షణాలు లేనప్పుడు పేగు వ్యాధి మందులు ఆపవచ్చా?

వెన్నెలదారి:
నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. పద్నాలుగు నెలలుగా విరేచనంలో నెత్తురు లేదు, రాత్రిళ్లు లేవడం లేదు. అయినా రోజూ పేగు వాపును తగ్గించే మెసలమైన్ మాత్రలు మింగుతున్నాను. ఒంట్లో బాగున్నప్పుడు మందులెందుకు? ఆపేసి, మళ్లీ వస్తే మొదలుపెట్టుకోవచ్చు కదా!

కొండగాలి:
అలా ఆపినవాణ్ణే నేను. నాలుగో నెలలో తుడుచుకున్న కాగితం మీద సన్నటి ఎర్రచార కనిపించింది. మొలలేమో అనుకుని ఊరుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి రోజుకు పన్నెండుసార్లు పరుగు, పొద్దున లేస్తే కాళ్లలో సత్తువ లేదు. అవే మాత్రలు మళ్లీ వేసుకుంటే ఈసారి చాలలేదు, స్టెరాయిడ్లు వాడాల్సి వచ్చింది. అవి పేగులోని మంటను, అంటే వాపును, త్వరగా అణచినా, జబ్బు తిరగబెట్టకుండా ఆపలేవు. పైగా ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి. దయచేసి ఆ పని చేయకండి.

వెన్నెలదారి:
మీరు పడ్డ బాధ చదువుతుంటే మనసు కలుక్కుమంది. కానీ ఏళ్ల తరబడి వాడే మందుకూ చెరుపు ఉంటుంది కదా?

తుమ్మెదరెక్క:
ఉంటుంది. మెసలమైన్ అరుదుగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, అందుకే మధ్యమధ్య రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే పరీక్ష) చూపించుకోవాలి. అయితే మీరిద్దరూ లక్షణాల గురించే మాట్లాడుతున్నారు. నాది క్రోన్స్ వ్యాధి, ఇదీ పేగులు వాచి పుండ్లు పడే జబ్బే. నొప్పి లేదు, బరువు కూడా పెరిగాను. కొలనోస్కోపీలో (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష) తెర మీద చూస్తే చిన్నపేగు చివర ఇంకా పుండ్లు! పేగు లోపల మంట ఉన్నా మనకు తెలియకపోవచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో మంట ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష చేస్తే కొంత బయటపడుతుంది.

కొండగాలి గారూ, ఆపితే అందరికీ మీలాగే అవుతుందనీ చెప్పలేం. క్రోన్స్ తగ్గి ఉన్నవాళ్లకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ మందును ఆపి గమనించిన ‘స్టోరి’ అనే అధ్యయనం 2012లో వెలువడింది. ఏడాదిలోపు దాదాపు సగం మందికి తిరగబెట్టింది. వాళ్లలో చాలామందికి అదే మందు మళ్లీ పనిచేసింది. ఆ మందు వేరు, జబ్బు వేరు కాబట్టి మెసలమైన్‌కు ఆ లెక్క పెట్టుకోకూడదు.

కొండగాలి:
సగం మంది అంటే తక్కువా? ఆ సగంలో పడితే పోయిన నెలలు ఎవరు తెచ్చిస్తారు?

వెన్నెలదారి:
నా చివరి కొలనోస్కోపీ జబ్బు ముదిరి ఉన్నప్పటిది, ఆ తర్వాత లోపల చూసిందే లేదు. ముందు మలపరీక్ష చేయించుకుంటాను. ఫలితం బాగుంటే మోతాదు తగ్గించే మాట మా వైద్యురాలితోనే తేల్చుకుంటాను. అప్పటిదాకా మాత్రలు ఆపను.