అమ్మకు ఫాస్టింగ్ 112, మూడు నెలల షుగర్ 6.7, ఇంతకూ షుగర్ ఉన్నట్టా లేనట్టా?

హన్మకొండ బిడ్డ:
అందరికి నమస్తే. అమ్మకు 51 ఏండ్లు, ఈమధ్య ఊకె అలసట అంటది, జుట్టు బాగ ఊడుతున్నది, మెట్లెక్కితే ఆయాసం, అందుకే టెస్టులు చేయించినం. పరగడుపున షుగర్ 112, హెచ్‌బీఏ1సీ 6.7, హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మెడికల్ షాపాయన ఇది షుగరే, గోళీలిస్త అంటున్నడు, చిన్నమ్మేమో ఫాస్టింగ్ తక్కువనే ఉంది కదా ఏం కాదంటది. అమ్మ భయంతోని అన్నం బంద్ చేసి రెండు పూటలా జొన్నరొట్టె మీదనే ఉంటున్నది, సద్దుల బతుకమ్మకు మలీద గూడ ముట్టనంటది. ఏం చెయ్యాలె?

కాజీపేట ల్యాబ్:
అక్కా, ఆ హిమోగ్లోబిన్ 8.4 దగ్గరనే ఉంది సంగతి, అంటే రక్తం తక్కువుంది, ఐరన్ తక్కువై ఉండొచ్చు. ఎర్ర రక్తకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూసేదే మూడు నెలల టెస్టు. ఐరన్ తక్కువైతే పాత కణాలే ఎక్కువ రోజులు తిరుగుతయ్, వాటికి చక్కెర ఎక్కువ అంటుకుంటది, అందుకే ఉన్నదానికంటే నంబర్ ఎక్కువ చూపెట్టొచ్చు. ఫాస్టింగ్ 126 గానీ, మూడు నెలలది 6.5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ అంటరు, కానీ రెండూ కలవనప్పుడు ఒక్క రిపోర్టు మీద తేల్చొద్దు. డాక్టర్‌ని అడిగి ఫెరిటిన్ (ఒంట్ల ఐరన్ నిల్వ చూసే టెస్టు), 75 గ్రాముల గ్లూకోజ్ తాగించే టెస్టు చేయించుర్రి, రెండు గంటలకు 200 గానీ ఆపైన గానీ వస్తే షుగరే, 140 నుంచి 199 అయితే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ. ఒక్క మాట, ఆ టెస్టుకు ముందు మూడు రోజులు అన్నం, రొట్టె మామూలుగ తినాలె, ఆ మూడు రోజులు కడుపు మాడ్చుకొని పోతే రిజల్ట్ తప్పొస్తది.

జనగామ అక్క:
చెల్లె, అలసట, జుట్టు ఊడుడు అన్నవ్ కదా, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) గూడ చూపియ్యి, థైరాయిడ్ తక్కువున్నా మూడు నెలల షుగర్ ఎక్కువ చూపెట్టొచ్చు. నేను థైరాయిడ్ గోళీ పొద్దుగాల పరగడుపున నీళ్లతోని వేసుకుంట, చాయ్ తాగేది గంట తర్వాతనే. అమ్మకు గూడ థైరాయిడ్ అని తేలితే ఆ గోళీకి, ఐరన్ గోళీకి నాలుగు గంటల ఎడం ఉండాలె, ఒక్కసారే మింగితే థైరాయిడ్ మందు ఒంటికి పట్టది. రక్తం ఎందుకు తగ్గిందో గూడ అడుగుర్రి, బ్లీడింగ్ ఎక్కువైతుందా, ముట్లు ఆగినంక అయితే కడుపుల, పేగుల ఎక్కడన్నా రక్తం కారుతుందా అని. సిగ్గుపడి చెప్పకుండ ఉండొద్దు.

ములుగు రోడ్ అన్న:
షాపాయన ఇచ్చే గోళీ మాత్రం వేయకుర్రి తల్లీ. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోళీ అవసరం లేనోళ్లకు పడితే షుగర్ 70 కిందికి పడిపోతది, చెమటలు, వణుకు, కండ్లు తిరుగుడు. జొన్నరొట్టెల గూడ పిండే ఉంటది, నాలుగు తింటే అన్నం మానిన లాభం ఏముంది? ఒకటో రెండో పెట్టి పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కువ పెట్టు.

హన్మకొండ బిడ్డ:
మస్తు థాంక్స్ అందరికి. రేపటినుంచి అన్నం పెడత. ఇంట్ల గ్లూకోమీటర్ ఉంది, దాంతోని చూస్తే సరిపోదా?

కాజీపేట ల్యాబ్:
సరిపోదక్కా. షుగర్ ఉన్నోళ్లు రోజూ చూసుకునేటందుకు మంచిగనే ఉంటది, అసలు ఉన్నదా లేదా తేల్చేటందుకు నరం నుంచి తీసిన రక్తమే ఇయ్యాలె.